ప్లానును కాపీ కొట్టం!

మనవాళ్లకు కాపీరైట్ అంటే లెక్కలేదని అనేవాళ్లు హైదరాబాద్‌లో ఇల్లు కట్టి ఉండరు. మున్సిపాలిటీ ముద్ర పడ్డ ప్లానును ఉన్నదున్నట్టు కాపీ కొట్టి ఇల్లు లేపిన మహానుభావుణ్ణి ఒక్కణ్ణి చూపించండి, శాలువా కప్పుదాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కళాత్మకత ఉన్న భవన నమూనా కూడా కళాకృతే. గీసినవారు పోయాక 60 ఏళ్ల దాకా దానికి రక్షణ. మేస్త్రీకి ఈ సంగతి తెలియదు. తెలియకుండానే నిష్ఠగా పాటిస్తాడు.

ఏ సైటు దగ్గరైనా ఆగి చూడండి. సిమెంటు బస్తా మీద పరిచిన ప్లానుకు నాలుగు మూలలా ఇటుక ముక్కలు. అందులో 'పార్కింగ్' అని రాసిన చోట ఎదురుగా కిరాణా కొట్టుకు షట్టర్ బిగిస్తుంటారు. 'మెట్ల గది' అన్నచోట వంటిల్లుతో సహా పెంట్‌హౌస్. గాలి కోసం వదలాల్సిన సెట్‌బ్యాక్ మీదికి బాల్కనీ వస్తుంది, దానికి గ్రిల్లు పడుతుంది, దసరాకల్లా అది పిల్లల బెడ్‌రూమ్. ప్లానుతో పోలిక ఎక్కడైనా కనిపిస్తే అది యాదృచ్ఛికం.

మరి కాపీ అసలే లేదా? ఎందుకు లేదు! ఆర్కిటెక్టును పిలిచి, టీ ఇచ్చి, "ఊరికే ఒక ఐడియా చెప్పండి సార్" అంటారు. ఆయన మూడు రాత్రులు కూర్చుని నమూనా గీసి పంపితే "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అంటారు. ఇంట్లో మాట్లాడేది మేస్త్రీతో. "ఎలివేషన్ అచ్చం ఇలాగే ఉండాలి. మనది పడమర ముఖం కదా, వాస్తుకు అద్దంలో చూసినట్టు తిప్పెయ్." కుడి ఎడమైంది కాబట్టి సొంత డిజైనే అయిపోయిందని లెక్క.

ఆర్కిటెక్టు కోర్టుకు వెళ్లొచ్చు. అక్కడ అదే చట్టంలోని 59వ సెక్షన్ ఎదురొస్తుంది. కట్టడం మొదలైపోయాక ఆపమనీ కూల్చమనీ ఉత్తర్వు కోరే హక్కు నమూనా యజమానికి లేదు. పరిహారం లాంటివాటితో సరిపెట్టుకోవాలి. శంకుస్థాపన ముహూర్తాలు తెల్లవారుజామున ఎందుకుంటాయో ఇప్పుడర్థమైంది.

ఇంకో వైపు చూడండి. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1972 నాటి హాల్ ఆఫ్ నేషన్స్ రూపశిల్పి రాజ్ రేవాల్. 2017లో దాన్ని నేలమట్టం చేశారు. ఆయన న్యాయం కోసం వెళితే, సొంతదారు కూల్చుకుంటానంటే గీసినవారు అడ్డుపడలేరని 2019లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. దొంగిలించిన నమూనాతో కట్టింది కూల్చనివ్వరు, సొంత నమూనాతో కట్టింది కాపాడుకోనివ్వరు. కళాకారుడికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

అనుమతుల విషయానికొస్తే, తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం జనాన్ని బాగా నమ్మింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణ. నేనేం కడతానో నేనే హామీ ఇస్తానన్నమాట. ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పింది, మంచిదే. కానీ హామీ రాసేది కూడా పెంట్‌హౌస్ వేసే చెయ్యే కదా.

ప్లాను తప్పి కట్టారనుకోండి, క్రమబద్ధీకరణ ఉండనే ఉంది. 2007లో బీపీఎస్, 2015లో బీఆర్ఎస్ (పార్టీ కాదు, పథకం). ఆ రెండూ చూసినవాడు అదనపు అంతస్తుకు ఇటుకతోపాటు "రేపు రెగ్యులరైజ్ చేస్తార్లే" అన్న ధీమా కూడా పేరుస్తాడు. రూలు ప్రకారం స్థలం వదిలి కట్టుకున్న పక్కింటాయన మాత్రం ఆ గోడవైపు కిటికీ మూసుకుని లైటు వేసుకుంటాడు.

ఫ్లాటు కొనబోతున్నారా? బ్రోచర్లో త్రీడీ బొమ్మ చూసింది చాలు, ఆమోదించిన ప్లానూ, కట్టడం పూర్తయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) కూడా చేతికిమ్మనండి. రెరా వర్తించే ప్రాజెక్టయితే, 2016 రియల్ ఎస్టేట్ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం భవనం ప్లానులో పెద్ద మార్పులకు మూడింట రెండొంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి. ఆ సమ్మతి మీ దగ్గర ముందే రాయించుకున్నారేమో, అగ్రిమెంటు చివరి పేజీల్లో చిన్న అక్షరాలు ఒకసారి చదువుకోండి.