గాలిమర యాడ పెడ్తావప్పా?

ఉరవకొండ చుట్టుపక్కల మిద్దె ఎక్కి చూస్తే చాలు, ఏదో ఒక దిక్కున పెద్ద గాలిమరలు కనబడతాయి. ఆషాఢం వచ్చిందంటే ఆరేసిన పంచె మనది కాదు, అది ఎవరి పెరట్లో వాలితే వాళ్ళది. ఇంత గాలి పెట్టుకుని కరెంటు బిల్లు కట్టడమేమిటని, ఒక కిలోవాటు చిన్న గాలిమర పెడదామన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. యాడ అన్నదాని మీదే ఇల్లంతా నా మీద పడింది.

పెద్దనాయన వెంటనే తీర్పు చెప్పేశాడు. "వేపచెట్టు కింద, నా మంచం పక్కన. అంత గాలి ఊర్లో యాడా లేదు." అబద్ధమేమీ కాదు, అక్కడ నడుం వాలిస్తే చాలు గురకే. కానీ మనిషిని నిద్రపుచ్చే గాలి మరను నిద్ర లేపలేదు. సెకనుకు 3 మీటర్ల వేగమైనా లేకపోతే చిన్న మరల్లో చాలావాటికి కదలికే ఉండదు. పైగా గాలి వేగం రెట్టింపైతే దాని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సగానికి పడిపోతే మిగిలేది ఎనిమిదో వంతు. ఇదంతా విని ఆయన అడిగింది వేరే: "మర గాలంతా తాగేస్తే నాకేం మిగుల్తాది?" జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ ఎప్పుడో లెక్క కట్టాడు, ఎంత గొప్ప మరైనా గాలి శక్తిలో 59.3 శాతానికి మించి లాగలేదని. మిగతాది నీకే పెద్దనాయనా అన్నాను. "ఆయప్ప మంచోడే" అన్నాడు.

మా ఆవిడ ఓటు మిద్దెకు. ఎత్తు ఎటూ ఉంది, స్తంభం ఖర్చు మిగులుతుందని. వినడానికి బాగానే ఉంది. నేను అమ్మ పాత చీర అంచు చించి, పొడవాటి వెదురుకు అడుగుకో పీలిక కట్టి మిద్దె మీద నిలబెట్టాను. పైకొన పీలిక తూర్పుకు సాగి నిలిచింది. నడిమివి ఒకసారి తూర్పుకు, ఒకసారి పడమటికి కొట్టుకున్నాయి. అడుగువి వెదురుకే చుట్టుకుపోయాయి. వీధిలో పోయే ఒకాయన తలెత్తి చూసి, "పీర్ల పండగ ఇంకా రాలేదు కదప్పా" అన్నాడు. గోడకు తగిలిన గాలి అలాగే సుళ్ళు తిరుగుతుంది. 20 అడుగుల ఇల్లయితే 40 అడుగుల ఎత్తు దాకా, వెనకవైపు 400 అడుగుల దూరం దాకా దాని ప్రభావం ఉండవచ్చు. ఆ సుడిలో మరకు దిక్కు వెతుక్కోవడంతోనే సరి. దాని అదురు స్లాబులోకి దిగితే పడకగదిలో రాత్రంతా మిక్సీ తిరిగినట్టే.

ఇవేవీ మా ఆవిడను కదిలించలేదు. "నా వడియాలు యాడ ఎండబెట్టుకోవాల?" అని అమ్మ అడిగింది. మిద్దె ప్రస్తావన అంతటితో ముగిసింది.

ఇక సిద్ధాంతి గారు. "వాయవ్యం వాయుదేవుడిది, అడగాల్నా?" అంటూనే నాలుక కరుచుకున్నారు. వాయవ్యం నైరుతి కంటే ఎత్తు కాకూడదట, బరువూ ఎత్తూ నైరుతికే చెల్లుతాయట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆషాఢం గాలి మాకు వచ్చేదీ దాదాపు ఆ వైపు నుంచే! వాస్తూ వాతావరణమూ ఒక్కటయ్యాయని గబగబా నైరుతి మూలకు పోయి చూస్తే, ప్రహరీకి అవతల పక్కింటాయన మూడంతస్తుల మేడ, దానిమీద నీళ్ళ ట్యాంకు.

అనుభవజ్ఞులు చెప్పే లెక్క ఒకటుంది. చుట్టూ 500 అడుగుల లోపల ఏముంటే దానికన్నా, రెక్క కింది కొన 30 అడుగులు పైన ఉండాలి. ఆ లెక్కకు ఊళ్ళో ఎక్కడా చోటు దొరకలేదు. ఊరి బయట, పడమటి వైపు మా వేరుశనగ చేను గట్టు ఒక్కటే నిలిచింది. అడ్డు లేదు, చెట్టు లేదు, వడియాలు లేవు. స్తంభాన్ని నాలుగు వైపులా లాగి కట్టే తీగలు ట్రాక్టరుకు అడ్డమని కౌలుదారు గొణిగాడు గానీ, ఒప్పుకున్నాడు.

అప్పుడు తమ్ముడు కాగితం, పెన్ను తీశాడు. చేను నుంచి ఇంటికి కరెంటు తేవాలి. 48 వోల్టుల మర, దూరమేమో చాలా. సన్న తీగ వేస్తే దారిలోనే సగం కరిగిపోతుంది, లావు రాగి తీగే వేయాలి. లెక్క కట్టేసరికి తీగ ధర మర ధరను దాటింది. "అన్నా, ఈ రాగి దుడ్డుతో మిద్దె నిండా సోలార్ పలకలు వస్తాయి గదా" అన్నాడు.

మిద్దె అనగానే అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఆ పలకల మీద వడియాలు పెట్టుకోవచ్చునా?"