చల్లని ఇల్లు, వేడి పొరుగు

1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఓ అచ్చాఫీసు కోసం, తేమకు కాగితం ఉబ్బకుండా యంత్రం రూపొందించాడు. కాగితం బాగుపడింది. అదే ఏసీగా ఇళ్లలోకి వచ్చాక, బెజవాడలో మాత్రం డాబాల మీది నవారు మంచాలు మాయమయ్యాయి. ఎవరింట్లో ఏం కూరో, ఎవరి పిల్లకు ఏ సంబంధమో తెల్లారేసరికి పేటంతా తెలిసిపోయే సౌకర్యమూ వాటితోపాటే పోయింది. (పుకారుకైనా గాలాడాలి కదా!) ఇప్పుడు పక్కింటితో మనకున్న బంధమల్లా అవుట్‌డోర్ యూనిట్టే. మన వేడి వాళ్ల వంటింటి కిటికీలోకి, వాళ్ల పైపు నీళ్లు మన తులసి కుండీలోకి. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలే చూపాలని కేంద్రం నిబంధన పెట్టింది. మనం రిమోట్ అందుకుని 18కి దించి, రెండు దుప్పట్లు కప్పుకుంటాం. కరెంటు పోయినప్పుడే అందరం బాల్కనీల్లోకి వచ్చి పడతాం. "మీరూ ఇక్కడే ఉంటారాండీ?"