టోన్ రాలే బావా!

టోన్ రాలేదట. నిన్న రాలేదు, మొన్న రాలేదు. రేపు వచ్చే సూచనలు కూడా లేవు. దాన్ని వెంటబెట్టుకు రావాల్సిన కెపాసిటర్ ఇంకా కస్టమ్స్ వాళ్ల దగ్గరే కూచుని ఉంది.

పొద్దున్నే నేను వరండాలో టీ గ్లాసు పట్టుకోగానే పైపోర్షన్ నుంచి మా బామ్మర్ది దిగుతాడు. "రాత్రి జరంత వచ్చినట్టే వచ్చి పోయింది బావా" అంటాడు. ఇదే మాట నల్లా గురించి అంటే మా హైదరాబాద్ శివారు మీర్‌పేట్‌లో ఎవరైనా పక్కన కూచోబెట్టుకుని ఓదారుస్తారు. గిటారు యాంప్లిఫయర్ గురించి అంటే వినే దిక్కు నేనొక్కణ్నే. మా ఆవిడ మాత్రం చుట్టాలకి "మా తమ్ముడు రీసెర్చి చేస్తున్నడు" అని చెబుతోంది. రీసెర్చి అంటే పిల్లనిచ్చేవాళ్లు ఇంకొన్నాళ్లు ఆగుతారని ఆమె లెక్క.

మామూలు యాంప్లిఫయరైతే కొని తెచ్చుకునేవాడు, నాకీ గోల ఉండేది కాదు. ఇది వాల్వులది. ఇప్పటి కుర్రాళ్లు ట్యూబు అంటారు. తాతల నాటి రేడియో వెనక అట్ట చిల్లుల్లోంచి ఎర్రగా కనపడేవే, ఆ గాజుబుడ్లు. స్విచ్చి వేశాక అవి వేడెక్కి రేడియో నోరు విప్పేలోగా అమ్మమ్మ చేతిలో పని ముగించుకుని వచ్చి కూచునేది. ట్రాన్సిస్టర్లు వచ్చి వాటిని రేడియోల్లోంచి, టీవీల్లోంచి, చివరికి మైకు సెట్లలోంచి కూడా వెళ్లగొట్టాయి. గిటారు వాయించేవాళ్లు మాత్రం ప్రపంచమంతా వాటిని పట్టుకునే వేలాడుతున్నారు.

కారణం టోన్. తీగలోంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని వాల్వు పెంచుతుంది. పెంచగలిగినంత పెంచాక ఇక నా వల్ల కాదంటుంది. ట్రాన్సిస్టరు ఆ మాట మొహం మీద అనేస్తుంది, శబ్దం టక్కున తెగుతుంది. వాల్వు నసుగుతుంది, నీళ్లు నములుతుంది. తరంగం తల గుండ్రంగా వంగి, శబ్దానికి కాస్త తీపి, కాస్త గరగర అంటుకుంటాయి. ఆ గరగర కోసమే ఇదంతా. అంటే శక్తికి మించి పని చేస్తున్న యంత్రం పెట్టే మూలుగుకి పెట్టుకున్న ముద్దుపేరు టోన్.

ఆ మూలుగు వినాలంటే వాల్యూమ్ నాబ్ చివరికంటా తిప్పాలి. మావాడు కట్టింది ఒకే ఒక్క ఈఎల్84 వాల్వుతో, ఐదు వాట్లది. ఐదు వాట్లే కదా అని ఎవరూ జాలిపడొద్దు. చెవి లెక్క వేరు. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే పదింతలు వాట్లు కావాలి. అంటే యాభై వాట్లది దీనికి రెండింతలు మాత్రమే. పన్నెండంగుళాల స్పీకరు ముందు ఐదు వాట్లు తెగించి అరిస్తే మా వంటింటి అరలో స్టీలు గ్లాసులు శ్రుతి కలుపుతాయి. గోడ అవతలి పెద్దమనిషి వచ్చి, పేషెంట్లున్న ఇల్లండీ, కొంచెం చూసుకోండి అని చెప్పి వెళ్లాడు. వినాయక చవితికి మా గల్లీ డీజేకి చందా రాసేది, బేసు సరిపోలేదని ఆపరేటర్ని కేకలేసేది ఆయనే. అప్పుడా పేషెంట్లు ఎక్కడికి వెళతారో అడగాలని ఉంది. అడగను. ఇంటికి నీళ్ల ట్యాంకరు ఆయన గేటు ముందు నుంచే రావాలి.

ఈ టోన్ మతానికి ఇద్దరు మూలపురుషులు. ఒకాయన లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1938లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్నాడు. గిటారు వాయించడం రాదు. రెండో ఆయన జిమ్ మార్షల్. లండన్ శివార్లలో హాన్‌వెల్‌లో 1960లో సంగీత వాయిద్యాల షాపు తెరిచాడు. ఆయన డ్రమ్ములు వాయించేవాడు, డ్రమ్ములు నేర్పేవాడు. ఇద్దరిలో ఒక్కరు కూడా గిటారు మనిషి కాదు. ఫెండర్ బాస్ గిటారు కోసం బాస్‌మన్ అనే యాంప్లిఫయర్ చేస్తే, మామూలు గిటారు వాళ్లు అది లాక్కుని వాడుకున్నారు. దాని సర్క్యూట్ చూసి 1962లో మార్షల్ షాపు కుర్రాళ్లు సొంతంగా ఒకటి కట్టారు. ఇంగ్లండ్‌లో అమెరికా సరుకు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. అందుకని దొరికిన వాల్వులు, అక్కడి ట్రాన్స్‌ఫార్మర్లు, అక్కడి సెలెస్టియన్ స్పీకర్లు వేసుకున్నారు. ముందు వరసలో 12ఏవై7 అనే వాల్వు ఉండాల్సిన చోట ఈసీసీ83 గుచ్చారు. అది సిగ్నల్‌ని ఇంకా ఎక్కువ పెంచుతుంది, కనక తొందరగా గరగరలాడింది. పక్క షాపులో దొరికిన సామానుతో సర్దుకుంటే వచ్చిన శబ్దమది. దాన్నే ఇప్పుడు క్లాసిక్ టోన్ అంటున్నారు.

మరి మనమూ పక్క షాపులో సర్దుకోవాలి కదా? కోఠి గుజరాతీ గల్లీకి వెళితే రెసిస్టర్లు గుప్పెళ్లతో ఇస్తారు. కెపాసిటర్ కొన్ని రూపాయలు. మావాడికి అది పనికిరాదు. నారింజ రంగుది కావాలి, సముద్రాలు దాటి రావాలి. పోయినసారి తెప్పించినదాన్నీ కోఠిదాన్నీ ఒక స్విచ్చికి కట్టించి, కళ్లు మూసుకోమని, మార్చి మార్చి వినిపించాను. ఏది ఏదో చెప్పలేకపోయాడు. "కండ్లు మూసుకుంటే టోన్ సక్కగ వినిపియ్యది బావా" అన్నాడు.

వాల్వుల సంగతి ఇంకా అన్యాయం. పెద్ద ఎత్తున చేసే ఫ్యాక్టరీలు ఇప్పుడు రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో మాత్రమే మిగిలాయి. 2022లో యుద్ధం వచ్చి రష్యా సరుకు ఆగిపోతుందన్న వార్త రాగానే మా ఇంట్లో రెండు పూటలు అన్నం దగ్గర మాటల్లేవు. కొత్తవి దొరుకుతున్నా మావాడి ప్రాణమంతా పాతవాటి మీదే. ఎప్పుడో తయారై, పెట్టె కూడా విప్పకుండా మిగిలిపోయిన ముల్లార్డ్ కంపెనీ వాల్వులు. వాటి ధర మా పక్కనే బాలాపూర్ గణేశుడి లడ్డూ దారి పట్టింది. 1994లో 450 రూపాయలకి మొదలైన ఆ లడ్డూ వేలం 2024లో ముప్పై లక్షలు దాటింది. పాడుకున్నవాళ్లు దాన్ని పొలంలో చల్లితే పంట పండుతుందని నమ్మకం. వాల్వు కొన్నవాడి నమ్మకమూ అంతే. తేడా ఏమిటంటే లడ్డూ పదిమందికీ పంచుతారు. మన బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) వాళ్లు 1960లలో ఇవే వాల్వులు చేసి దేశమంతటి రేడియో షాపులకి పంపారు. అప్పట్లో ఎవరూ వాటిని టోన్ కోసం కొనలేదు, వార్తల కోసం కొన్నారు.

ఇక్కడ వైండింగ్ షాపు సంగతి చెప్పాలి. చెప్పకపోతే వ్యాసానికి నష్టం లేదు, నాకే నిద్రపట్టదు.

వాల్వు నుంచి వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ వస్తుంది. స్పీకరుకి సరిగ్గా తిరగేసి కావాలి. మధ్యవర్తి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు వైపు ఐదు వేల ఓములు, స్పీకరు వైపు ఎనిమిది. లెక్క కడితే అటు ఇరవై అయిదు చుట్లకి ఇటు ఒకటి. సగం టోన్ ఇందులోనే ఉందట. సరే, చుట్టే పనే కదా అని మా రోడ్డు మీది మోటారు వైండింగ్ షాపుకి నేనే తీసుకెళ్లాను.

ఎండాకాలం. బోర్లు అడుగంటి, నీళ్లు లేకుండా తిరిగి మోటార్లు కాలిపోయే రోజులు. షాపు ముందు సబ్‌మర్సిబుల్ మోటార్లు వరసగా పడుకుని ఉన్నాయి. వాటి తరఫు వాచ్‌మన్లు, అపార్ట్‌మెంటు సెక్రటరీలు బెంచీ మీద ఉన్నారు. మేస్త్రీ తలెత్తకుండానే అడిగాడు.

"ఎన్ని హెచ్‌పీ సార్?"

"హెచ్‌పీ కాదన్నా. ఐదు వాట్లు."

మేస్త్రీ చేతిలో పని ఆపి నావైపు చూశాడు. పిల్లవాడికి పెద్దదిక్కు మీరేనా అన్నట్టుంది ఆ చూపు. "ఐదు వాట్లకు వైండింగేంది సార్? జీరో బల్బు పదిహేను తాగుతది."

మావాడు కాగితం పరిచాడు. ముందు వాల్వు వైపు ప్రైమరీ సగం చుట్టాలి, దాని మీద స్పీకరు వైపు సెకండరీ, మళ్లీ దాని మీద మిగతా ప్రైమరీ. మేస్త్రీకి నచ్చలేదు. "ఒకటేసారి చుడితే ఏం పోతది?"

"పై స్వరాలు పోతయన్నా."

మేస్త్రీ కాసేపు ఆలోచించాడు. "మోటరుకు పై స్వరాలు లెవ్వు గనక బతికిపోయినం."

ఈలోగా బెంచీ మీద చర్చ మొదలైంది. లౌడ్ స్పీకరుకైతే మందం వైరు వెయ్యమని ఒకాయన సలహా. అసలు ఈ రోజుల్లో బ్లూటూత్ ఉండగా ఇదెందుకని ఇంకొకాయన. ఒక వాచ్‌మన్ మాత్రం నిజంగా బాధపడ్డాడు. "మా అపార్ట్‌మెంటుల నలభై ఇండ్లకు నీళ్లు లెవ్వు. ఈయన పాటకు చుట్టిస్తున్నడు." దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అసలు చిక్కు స్టాంపింగుల దగ్గర వచ్చింది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్లో ఆ ఇనుప రేకుల్ని అటొకటి ఇటొకటి అల్లుతారు. ఇందులో ఇంగ్లీషు 'E' ఆకారం ముక్కలన్నీ ఒక పక్క, 'I' ఆకారం ముక్కలన్నీ ఇంకో పక్క పెట్టి మధ్యలో పల్చటి కాగితం ఇరికించాలి. ఒకే వాల్వు కనక డీసీ కూడా ఆ చుట్లలోంచే పారుతుంది. ఆ సందు లేకపోతే ఇనుము నిండిపోయి శబ్దం పీలగా వస్తుంది. మావాడు ఇదంతా ఇంజినీరింగు భాషలో చెప్పాడు. మేస్త్రీ మొత్తం విని, "ట్యూబులైటు చోకు లెక్కనా?" అన్నాడు. అంతే. చోకులోనూ అదే సందు, అదే కాగితం. "గా ముక్క ముందే చెప్పొద్దా!" అని విసుక్కుని, చేత్తో తిప్పే మిషను మీద బాబిన్ ఎక్కించి, వెంట్రుకంత సన్నటి రాగి వైరు పొర పొరకీ కాగితం వేస్తూ, ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా చుట్టాడు. వార్నిషులో ముంచి, పెద్ద బల్బు కింద ఆరబెట్టాడు. రాగి కిలోల లెక్కన పైసలు తీసుకునే మనిషి. తూచి చూసి నవ్వి, టీకి ఇవ్వమన్నాడు.

అది పని చేసింది. నాకు సంగీతం రాదుగానీ, గొంతు బాగున్నదీ లేనిదీ తెలుస్తుంది. బాగుంది. మావాడు కూడా చాలాసేపు తలూపాడు. చివరికి, "మంచిగనే ఉంది బావా. కానీ దీని మీద పేరు లేదు" అన్నాడు.

పేరున్నది విమానంలో వచ్చింది. ఇనుమూ రాగీ కదా, బరువు. దాని ధర ఒక ఎత్తు, రవాణా, సుంకం ఇంకో ఎత్తు. మేస్త్రీ చుట్టింది ఇప్పుడు మా గుమ్మం దగ్గర తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. ఆ దారినే వెళుతూ ఆయన ఎప్పుడైనా లోపలికి చూస్తాడేమోనని తలుపు సగం మూసే ఉంచుతున్నాను.

గరగర కోసమే అయితే ఇంత దూరం పోవాలా? 1964లో లండన్‌లో కింక్స్ బృందం కుర్రాడు డేవ్ డేవీస్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి మరీ చరిత్రకెక్కాడు. మా చిన్నప్పుడు ప్రతి పెళ్లి మైకు సెట్టుకీ ఆ కోతలు వాటంతటవే ఉండేవి. అహూజా యాంప్లిఫయర్లో వాల్వులు ఎర్రగా కాగుతుండేవి. వేపచెట్టుకి కట్టిన బాకా స్పీకరు, అరిగిపోయిన సూది, తెల్లవారుజామున నాలుగింటికి ఘంటసాల. నాబ్ చివరికంటా తిప్పి, మైకుసెట్టు అబ్బాయి పందిట్లో నిద్రపోయేవాడు. అంత నిఖార్సైన వాల్వు మూలుగు మళ్లీ నేను వినలేదు. ఊరంతా తిట్టుకుంటూ ఉచితంగా విన్నది.

వాడి మీద జోకులు వేస్తున్నానుగానీ, ఒక మాట లోపల ఉండిపోయింది. వాడు కాలేజీలో చేరి మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఒక చవక చెక్క గిటారు ఉండేది. దానికి కరెంటే అక్కర్లేదు. సాయంత్రం కరెంటు పోతే డాబా ఎక్కి వాయించేవాడు. పక్క డాబాల మీది పిల్లలు పిట్టగోడ దగ్గరికి చేరేవారు. తప్పులు పోయేవి, పాట మాత్రం చివరిదాకా వచ్చేది. ఇప్పుడు ఒక్క స్వరం మీటుతాడు, తల అడ్డంగా ఊపుతాడు, మూత విప్పుతాడు. మా ఇంట్లో పాట అనేది పూర్తయి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. ఆ చెక్క గిటారు తీగలు తుప్పు పట్టాయి. కొత్త తీగలు ఏ షాపులోనైనా దొరుకుతాయి, కస్టమ్స్ అక్కర్లేదు. తెస్తే వాయిస్తాడా అన్నదే తెలియక ఆగాను.

మీకొక్క విన్నపం. మీ ఇంటి అటక మీద తాతల నాటి వాల్వు రేడియో గానీ, మైకు సెట్టు యాంప్లిఫయరు గానీ ఉంటే పాతసామాన్ల వాడికి తూకానికి వెయ్యకండి. ఉత్సాహం కొద్దీ ప్లగ్గు కూడా పెట్టకండి. లోపల వందల వోల్టులు తిరుగుతాయి, కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, స్విచ్చి తీసేశాక కూడా కొంతసేపు షాకు దాచుకుంటాయి. తెలిసిన మెకానిక్‌కి చూపించండి. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందంటే దిగులు లేదు, మా రోడ్డు మీద మేస్త్రీ చుట్టిపెడతాడు. ఎండాకాలం మాత్రం వద్దు, అప్పుడు ఆయనకి బోరు మోటార్లతోనే సరిపోతుంది.