కవిత్వ ధ్రువీకరణ పత్రం

మొన్నటి అవార్డు జాబితా చూసే ఉంటారు. గెలిచిన పుస్తకానికి ముందుమాట రాసింది ఓ పెద్ద విమర్శకుడు, అట్ట వెనక నాలుగు మాటలు ఆయనవే, ఆవిష్కరణ సభకు అధ్యక్షుడూ ఆయనే. తీరా చూస్తే ముగ్గురు న్యాయనిర్ణేతల్లోనూ ఆయనే. పాపం, ఎంత చాకిరీ!

పైగా ఆధునికుడు. పీఠాలన్నీ కూలగొట్టాలని నలభై ఏళ్ల కిందట మైకు పగిలేలా అరిచినవాడు. గొంతు ఇప్పటికీ అదే, కాకపోతే కుర్చీకి మెత్త వేశారు.

నా కడుపుమంటంతా ముందుమాట మీదే. 1950లో వచ్చిన ‘మహాప్రస్థానా’నికి చలం ముందుమాట రాసి ‘యోగ్యతాపత్రం’ అని పేరు పెట్టాడు. ఆ పేరు వెనక నాకైతే ఓ కొంటె నవ్వు వినిపిస్తుంది. మనవాళ్లు దాన్ని నిజం సర్టిఫికెట్టే అనుకున్నారు. కులానికొకటి, ఆదాయానికొకటి, కవిత్వానికొకటి.

నా మొదటి సంపుటికి ఓ పెద్దాయన చుట్టూ ఆర్నెల్లు తిరిగాను. రెండున్నర పేజీలిచ్చారు. పల్లె మట్టిని గుండెకు హత్తుకున్నానట! నేను పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లో, ఒంటికి అంటుకుంటే బొగ్గుమసే. రెండో పేజీలో ‘ఈ కవయిత్రి’ అని ఉంది. ఆయనకు చెప్పే దమ్ములేక ప్రూఫుల్లో నేనే ‘కవి’ అని దిద్దుకున్నాను. మరుసటేడు ఆ కవయిత్రి పుస్తకమూ వచ్చింది, అదే మట్టితో.

ఎలియట్ మాత్రం ఏం తక్కువ తిన్నాడంటారా? 1922లో తన ‘వేస్ట్ ల్యాండ్’ను తన ‘క్రైటీరియన్’ తొలి సంచికలోనే వేసుకున్నాడు. ఫేబర్ సంస్థలో కూర్చుని 1944లో ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ను తిప్పి పంపాడు. తప్పే. కానీ ఎందుకు వద్దో రాసి సంతకం పెట్టాడు. ఆ ఉత్తరం పట్టుకుని ఈ రోజుకీ ఆయన్ని తిట్టుకోవచ్చు. మన విమర్శకులారా, మీరు ఎవరికి రాశారయ్యా అలాంటి ఉత్తరం? ఏ పుస్తకం ఎందుకు పనికిరాదో ఒక్కసారైనా చెప్పారా? ఒక్క కుర్రకవికి ఒక్క పాదం కొట్టేసి చూపించారా? అందరినీ మెచ్చుకుని, మీకు కావలసినవాడికి కట్టబెట్టడం విమర్శ కాదు, పంపకం.

1965లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని రిక్షా తొక్కే నాంపల్లి పండు చేత అర్ధరాత్రి ఆవిష్కరింపజేశారు. ఆ ముచ్చటను ఇప్పుడు మన పెద్దలు ఏసీ హాల్లో, శాలువా జారకుండా పట్టుకుని చెబుతున్నారు.

నిన్న ఓ కుర్రాడు ఫైలుతో మా ఇంటికొచ్చాడు. చదివి చెబుతా, వారం ఆగమన్నాను.

“చదవక్కర్లేదు సార్, ముందుమాట నేనే రాసి తెచ్చా. కింద సంతకం పెడితే చాలు.”