మిరప రైతు కొడుకు చెప్పిన జవాబు

మిరప పండించే ఇంట్లో పుట్టి, మిరప రైతు ఎందుకు నష్టపోతాడని అడిగితే తప్పు జవాబు చెప్పాను. అదీ లండన్‌లో, పదిమంది ముందు. ఆ రోజు చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వేసవి కోర్సులు మూడేసి వారాలు నడుస్తాయి. అర్థశాస్త్రం తొలి పాఠాలకని వెళ్లాను. లెక్చరు వినడం, ఆ తర్వాత చిన్న తరగతిలో లెక్కలు, చర్చ. గిరాకీ, సరఫరా, ధర తెలిస్తే చాలు, లోకమంతా తెలిసిపోయినట్టే అనిపించేది నాకు.

ఒకరోజు చర్చ సాలెగూడు సిద్ధాంతం మీదికి మళ్లింది. ఈ ఏడు ధర బాగుంటే వచ్చే ఏడు అందరూ అదే పంట వేస్తారు. సరుకు పోటెత్తి ధర పడిపోతుంది. భయపడి మరుసటేడు తగ్గిస్తారు, ధర మళ్లీ లేస్తుంది. ఈ కదలికను గీతల్లో గీస్తే సాలెగూడులా వస్తుంది. 1934లో దానికి ఆ పేరు పెట్టిన నికొలస్ కాల్డార్ అప్పట్లో అక్కడే పాఠాలు చెప్పేవాడు.

ఉదాహరణ చెప్పమన్నారు మా టీచరు. చెయ్యెత్తి మిరప కథ చెప్పాను. 2016లో వచ్చిన ధర చూసి రైతులు విస్తీర్ణం పెంచారు. 2017లో ధర కూలింది. ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు. క్వింటాలు 5,000 రూపాయలకు కొనే పథకం కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. అక్కడిదాకా నిజమే. అక్కడితో ఆగకుండా, "మా రైతులకు నిరుటి ధర తప్ప ఇంకేమీ కనపడదు, చదువు లేదు కదా" అనేశాను.

టీచరు నెమ్మదిగా అడిగారు: "విత్తనం కొనేనాటికి పక్క ఊళ్లో ఎన్ని ఎకరాలు వేస్తున్నారో వాళ్లకు ఎవరు చెబుతారు? ధర పడితే సరుకు దాచుకోవడానికి డబ్బెక్కడిది? మిరప మానేస్తే ఆ పొలంలో ఏం వేస్తారు?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. రైతులు ఏటా అదే పొరపాటు చేస్తారనుకోవడం సబబు కాదని 1961లోనే జాన్ మ్యూత్ ఈ సిద్ధాంతాన్ని ప్రశ్నించాడని చెప్పి టీచరు పాఠం కొనసాగించారు.

ఆ ఆదివారం నాన్నకు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడిగాను. మా ఊళ్లో నారు పోసే రోజులవి. "ధర పడుద్దని తెలీక కాదురా. విత్తనాల కొట్లో జనాన్ని చూస్తేనే తెలుసుద్ది. అప్పటికే కౌలు కట్టేసి ఉంటాం" అన్నాడు. పెట్టుబడి ఇచ్చిన కమీషన్ వ్యాపారి కొట్టుకే టిక్కీలు, అంటే మిరప బస్తాలు, పోవాలి. కోల్డ్ స్టోరేజీలో పెడదామంటే కోత కూలీలు ఎదురుచూస్తుంటారు, వాళ్లకు అప్పటికప్పుడు ఇవ్వాలి. ఇంకా అడిగితే మరో సంగతి బయటపడింది. నా ఫీజు గడువు ముంచుకొస్తోందని ఆ ఏడు టిక్కీలు దాచకుండా వచ్చిన ధరకే అమ్మేశాడట. ఆ డబ్బుతో వెళ్లి, ఆయనకు చదువు లేదని పరాయి ఊళ్లో చెప్పొచ్చాను.

ఇంట్లో ఇరవయ్యేళ్లు ఉండి ఒక్కసారైనా నాన్నను ఈ మాటలు అడగకపోవడమే నా అసలు మూర్ఖత్వం. అర్థశాస్త్రం బోర్డు మీద ఉంటుందనీ, మా ఊరు దానికి ఉదాహరణ మాత్రమేననీ నమ్మాను. పేద రైతు తన చేతిలో ఉన్న వనరులను చక్కగానే వాడుకుంటాడని థియొడర్ షుల్జ్ 1964లోనే పుస్తకం రాశాడు. ఆ పుస్తకం చదవకముందే నాకు తెలిసి ఉండాల్సిన సంగతి అది.

మా నాన్న లాంటివాళ్లకు తెలివి కొరత లేదు. నారు పోయకముందే ఎక్కడ ఎంత సాగవుతోందో తెలియాలి. దాచిన సరుకు మీద తక్కువ వడ్డీకి అప్పు పుట్టాలి. ఆ రెండూ లేనంతకాలం ఏ రైతు అయినా నాన్న వేసినట్టే వేస్తాడు, నాన్న అమ్మినట్టే అమ్ముతాడు. ఆ రోజు తరగతిలో నేను చెప్పాల్సిన జవాబు ఇది.