చారెడేసి కళ్ళ చిన్నకారు

మా బావమరిది కొత్త చిన్నకారు కొని ఎనిమిది నెలలైంది. సీట్ల మీద కంపెనీవాడు తొడిగిన ప్లాస్టిక్ తొడుగు ఇంతవరకూ ఒలవలేదు. ఎండాకాలం అందులో కూర్చుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే ఉంటుంది. ‘తీసెయ్యరా’ అంటే, ‘అమ్మో, ఒరిజినల్ కండిషన్ పోతుంది బావా!’ అన్నాడు. యాభై ఏళ్ళకు అది వింటేజ్ కారవుతుందట. అప్పుడు వాడి మనవడు దాన్ని వేలంలో పెట్టి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కొంటాడట. స్థలాల మీద ఆశ పెట్టుకున్నవాళ్ళను చూశాను, బంగారం మీద పెట్టుకున్నవాళ్ళను చూశాను. షోరూం గేటు దాటగానే ధర పడిపోయే వస్తువు మీద మూడు తరాల ఆశలు పెట్టుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

పోనీ, వాడి లెక్కే కట్టి చూద్దాం.

మన దేశంలో కారు వింటేజ్ అనిపించుకోవాలంటే ఊరికే ముసలిదైతే చాలదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్ళు దాటాలి. పుట్టినప్పటి రూపం చెదరకుండా ఉండాలి. మామూలు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే. ఆపైన ఐదేసి ఏళ్ళ పొడిగింపు. అంటే యాభయ్యో పుట్టినరోజు దాకా చేరాలంటే ఏడుసార్లు ఆర్టీఏ ఆఫీసు మెట్లెక్కాలి. తిరుమల ఏడుకొండలు ఎక్కేవాడికి దారిపొడుగునా గోవిందనామం తోడుంటుంది, చివర్లో లడ్డూ దొరుకుతుంది. ఈ ఏడుకొండలకు ఏజెంటే దేవుడు, ఆయనకే నైవేద్యం.

హుండీ సంగతీ చెప్పాలి కదా. 600 రూపాయలున్న పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో దాన్ని 10,000 చేశారు. ముసలివాళ్ళకిచ్చే రాయితీ ఎత్తేసినందుకు రైల్వేవాళ్ళను తిట్టుకున్నాం గానీ, వాళ్ళే నయం. ముసలితనానికి జరిమానా మాత్రం వెయ్యలేదు.

సరే, ఏడుకొండలూ ఎక్కావు. ఇంకో 20,000 కట్టి ‘వీఏ’ అనే అక్షరాలున్న నంబరు ప్లేటు బిగించుకున్నావు. అప్పుడు చట్టం ఒక రహస్యం చెబుతుంది: ఈ బండిని రోజువారీ తిప్పరాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కరాదు. స్వర్ణోత్సవం ఘనంగా జరిపించి, ఇక రేపటి నుంచి దంపతులు కలిసి తిరగరాదు అన్నట్టు!

అదే కారును పదిహేనో ఏట తుక్కుకిచ్చావనుకో, సర్కారు సంబరపడుతుంది. చేతికో సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని చూపిస్తే కొత్త కారు రోడ్డు పన్నులో 25 శాతం దాకా తగ్గించే వీలు రాష్ట్రాలకు కల్పించింది. చంపితే రాయితీ, బతికిస్తే జరిమానా. ఈ లెక్కలో కూడా చిన్నకారు యాభై ఏళ్ళు బతుకుతుందని నమ్మేవాడు మా బావమరిది ఒక్కడే.

‘మరి మారుతి 800 బతకలేదా?’ అంటాడు. దాని కథే విందాం. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో, లక్కీ డ్రాలో పేరు తగిలిన హర్‌పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి మొట్టమొదటి మారుతి తాళాలు సాక్షాత్తూ ఇందిరాగాంధీ అందించారు. ధర 47,500 రూపాయలు. ఆయన జీవితాంతం దాన్ని వదల్లేదు. 2010లో ఆయన పోయారు. దేశం మొత్తం నడక నేర్చుకున్న కారు వరసలో తొలిచూలు బిడ్డ అది. అదేమో ఆయన ఇంటి ముందు ఎండకు ఎండి వానకు తడిసి తుప్పుపట్టింది. చాలా కాలానికి కంపెనీకి జ్ఞానోదయమై, తెచ్చి బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. ప్రధానమంత్రి చేతి మీదుగా తాళాలందిన కారుకే ఆ గతి పడితే, కూకట్‌పల్లిలో వాయిదాల మీద కొన్న కారు గతేమిటి?

పైగా ఆ తాళాలిచ్చిన ఢిల్లీలోనే పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కారు తిరగరాదన్నారు. 2018లో సుప్రీంకోర్టూ సరేనంది. 2025 జులై 1 నుంచి అలాంటి బండికి బంకుల్లో పెట్రోలే పోయొద్దన్నారు. జనం గోల చేస్తే వారం తిరక్కుండానే ఆపారు. ముసలాయనకు మంచినీళ్ళు ఇవ్వాలా వద్దా అని ఇంట్లోవాళ్ళు పంచాయితీ పెట్టుకున్నట్టు.

సచిన్ తెందూల్కర్ మొదటి కారు మారుతి 800. అది ఎవరి దగ్గరుందో చెప్పండి, తిరిగి తీసుకుంటానని ఆయన 2020లో బాహాటంగా అడిగారు. గ్యారేజీ నిండా కార్లున్నవాడు వెతుక్కుంటున్నది చేజారిన చిన్నకారును. మన్మోహన్ సింగ్ ప్రధానిగా బీఎండబ్ల్యూ ఎక్కుతూ కూడా, వెనక నిలిపి ఉన్న తన 800 వంకే మక్కువగా చూసేవారని ఒకప్పటి ఆయన భద్రతాధికారి అసీమ్ అరుణ్, 2024 డిసెంబరులో ఆయన పోయినప్పుడు చెప్పారు. మనం అప్పుడు గుండెలు బాదుకున్నాం, ఆ కారు ఫొటోను వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాం. అదే వారం మన వీధిలో ఎన్ని 800లు పాత ఇనప సామాన్లవాడి తక్కెడెక్కాయో లెక్క చూసుకున్నామా? చచ్చినవాడి కళ్ళు చారెడేసి అని పెద్దలు ఊరికే అన్నారా!

బతికున్నప్పుడే గౌరవం పొందే వాహనాలూ ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ మిలమిల్లాడుతోంది. అది వచ్చేసరికి ఆయనే లేడు. తిరిగింది తక్కువ, తుడిపించుకున్నది ఎక్కువ. ఎన్టీఆర్ చైతన్యరథం నాచారం స్టూడియోలో భద్రంగా ఉంది. దానికి చరిత్ర ఉంది, పార్టీ ఉంది, పూలదండలున్నాయి. చిన్నకారుకేముంది? రాజు లేడు, రాజకీయం లేదు. ఐదుగురి సీట్లలో ఎనిమిదిమందిని కుక్కుకుని, డిక్కీలో పులిహోర డేగిశా పెట్టుకుని శ్రీశైలం ఘాటు ఎక్కిన చరిత్ర మాత్రం ఉంది. మన దగ్గర మ్యూజియంవాళ్ళకు పులిహోర చరిత్ర కాదు.

ఇక అసలు సంగతి: ఇవాళ్టి చిన్నకారు ఒళ్ళు గట్టిదేనా? ముమ్మాటికీ గట్టిదే. ఇంజను పాతవాటికంటే మెరుగు, రేకుకు తుప్పు నుంచి కాపాడే పూతలు మెరుగు. ప్రాణానికి రక్షణా ఎక్కువే, అందులో వెక్కిరించడానికేమీ లేదు. చచ్చేది ఒళ్ళు కాదు, బుర్ర. పాత 800 మొరాయిస్తే షెడ్డులో మస్తాన్ అన్న బానెట్ మీద చెవి ఆనించి, కార్బురేటర్‌లో చెత్త పడిందనో పాయింట్లు అరిగాయనో చెప్పేవాడు. స్క్రూడ్రైవరు, ఎమరీ కాగితం, అరకప్పు టీ, అంతే వైద్యం. ఇప్పటి కారులో ఇంజనుకో కంప్యూటరు, బ్రేకులకో కంప్యూటరు, ఎయిర్‌బ్యాగులకో కంప్యూటరు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి గానీ మస్తాన్ అన్నతో మాట్లాడవు. బెజవాడ ఆటోనగర్ అంతా గాలించి సెకండ్‌హ్యాండ్ పెట్టె తెచ్చి బిగించినా, ‘నువ్వెవరు?’ అంటుంది బండి. పరిచయం చెయ్యడానికి కంపెనీవాడి లాప్‌టాప్ రావాలి.

మొన్న మా ఇంట్లోనూ జరిగింది. వినాయకుడి వాహనం నా వాహనం బానెట్‌లో దూరి ఒక తీగ కొరికింది. సర్వీస్ సెంటర్‌వాడు స్కానర్ పెట్టి, వైరింగ్ కట్ట మొత్తం మార్చాలన్నాడు. ఒక్క తీగేగా, అతికించలేవా అంటే, ‘అతికించడం మా సిస్టమ్‌లో లేదు సార్’ అన్నాడు. అతికించడం సిస్టమ్‌లో లేని దేశంలో మరమ్మతు హక్కు పేరిట 2022లో కేంద్రం ఒక పోర్టల్ మాత్రం తెరిచింది. పోర్టల్ తీగలు అతికించదు.

ఇప్పుడు చట్టాన్ని మళ్ళీ చదవండి: పుట్టినప్పటి రూపం చెదరకూడదు. ముప్ఫయ్యో ఏట టచ్‌స్క్రీన్ గుడ్డిదవుతుంది. దాని కంపెనీ అప్పటికి దాన్ని మరిచిపోయి పాతికేళ్ళవుతుంది. మారిస్తే ఒరిజినల్ కాదు, మార్చకపోతే నడవదు. ఎటూ కదలని ఆ దశకే మన ఆధునిక చిన్నకారు పుట్టుకతో అర్హత సంపాదించుకుంది.

ఒక్క మినహాయింపు చెప్పి ఊరుకుంటాను. నానో. 2008లో లక్ష రూపాయల కారని ప్రపంచమంతా తొంగిచూసింది. వెనక 624 సీసీ ఇంజను, ఒకటే వైపరు, చక్రానికి మూడే నట్లు. పేదవాడి కారని పేరు పెట్టగానే పేదవాడు సిగ్గుపడి పక్క షోరూంకి పోయాడు. 2018తో తయారీ ఆగింది. అందుకే రేపు సేకరించేవాళ్ళు దాన్నే వెతుకుతారు. అమ్ముడుపోయినవి అరిగిపోతాయి, నవ్వులపాలైనవి అరుదవుతాయి. కాబట్టి వింటేజ్ కావాలంటే ముందు ఓడిపోవాలి. మా బావమరిది కారు ఆ పుణ్యానికీ నోచుకోలేదు. అది బ్రహ్మాండంగా అమ్ముడుపోతోంది.

పాఠకులారా, మీ పెరట్లో ఏ టార్పాలిన్ కిందో పాత 800 ఉంటే, తక్కెడవాడి కేక వినబడకముందే బ్యాటరీ మార్చి ఆదివారం ఓ చుట్టు తిప్పండి. కారును బతికించేది అద్దాల గది కాదు, తిరగడం. మస్తాన్ అన్న ఇంకా షెడ్డు మూయలేదు, ఆ కార్ల భాష తెలిసినవాళ్ళలో ఆఖరివాడతడే.

బావమరిదికి మాత్రం ఒకటే మాట. ఆ ప్లాస్టిక్ తొడుగు ఒలిచెయ్యరా. యాభై ఏళ్ళకు అది వింటేజ్ కాబోదు. కనీసం ఇవాళ కారైనా కానివ్వు.