నీకొక్కడికే చెబుతున్నా

మొన్న సంక్రాంతి ముందు తెనాలి దగ్గర మా ఊరి ఇంటికి సున్నాలు వేయించాం. అక్క, నేను, తమ్ముడు చాలా ఏళ్ళకి ఒకేసారి ఇంటికి చేరాం. వసారాలో కూర్చుని కాఫీలు తాగుతుంటే సున్నాల మనిషి నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. పైన ఓ మూల నాయనమ్మ కాలంనాటి ఇత్తడి గంగాళం, దానిమీద చిరిగిన చాప, చాపమీద విరిగిన ఉయ్యాలబల్ల.

"అయ్యగారూ, ఈ గంగాళం దించమంటారా?"

"వద్దు!" అని అరిచాం ముగ్గురం, ఒకే శ్రుతిలో. అక్క గ్లాసు కింద పెట్టి లేచింది. తమ్ముడు అప్పటికే నిచ్చెన పట్టుకున్నాడు. నేను గడప తట్టుకుని పడబోయి ఆగాను. ఆ తరవాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

ఆ గంగాళం లోపల బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉందనీ, బొగ్గులుండాల్సిన చోట పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన అమ్మ కాసులపేరు ఉందనీ నాకు పన్నెండేళ్ళుగా తెలుసు. కాశీ బయల్దేరే ముందురోజు రాత్రి అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి చెప్పింది. "ఒరేయ్, నీకొక్కడికే చెబుతున్నా. అక్కకీ తమ్ముడికీ తెలీదు. మనిషన్నాక రేపెలా ఉంటుందో." అప్పట్నించీ ఆ రహస్యాన్ని పొట్టలో పెట్టుకుని మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెప్పానే అనుకోండి, అది వేరే సంగతి. తీరా చూస్తే అదే రాత్రి అక్కని వంటింట్లోకి, తమ్ముణ్ణి బావిగట్టు దగ్గరికి విడివిడిగా పిలిచి అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట చెప్పిందట. పన్నెండేళ్ళపాటు ముగ్గురం ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళం ఆ అటకకి కాపలా కాశాం.

"ఏముందండీ అందులో?" అన్నాడు సున్నాల మనిషి.

"ఏమీ లేదు," అన్నాం ముగ్గురం, మళ్ళీ అదే శ్రుతిలో. అతను చిన్నగా నవ్వి ఆ మూల వదిలేసి మిగతా అటకంతా సున్నం వేశాడు. ఇవాళ్టికీ ఆ మూల ఒక్కటే పాత రంగులో ఉంది, నిధి ఇక్కడే ఉండేదని శాసనం చెక్కినట్టు.

దాచడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. ఎవరికీ చెప్పకపోతే దాచిన మనిషితోపాటే పోతుంది. చెబితే దాచినట్టే కాదు. మన పెద్దల్లో మొదటి రకంవాళ్ళు చాలామంది ఉన్నట్టున్నారు, లేకపోతే ప్రతి ఊళ్ళోనూ ఒక పాడుబడ్డ కోట, దాని కింద లంకెబిందెల కథ ఎందుకుంటాయి? అవి ఎవరికైనా దొరికినా సుఖం లేదు. 1878లో తెల్లదొరలు నిధి నిక్షేపాల చట్టం ఒకటి చేశారు. నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే దొరికినవాడు కలెక్టరుగారికి తెలియజేయాలి. పది రూపాయలు! ఆ రోజుల్లో అది లెక్కే. ఇవాళ మా వీధి చివర ఒక టీకి సరిపోతుందో లేదో. ఏ తాతగారో ఎవరికీ చెప్పకుండా పాతిపెట్టి, చివరికి కలెక్టరుగారికి మాత్రం తెలిసేలా చేసి వెళ్ళిపోయాడన్నమాట.

హైదరాబాదులో ఇంకో పద్ధతి నడిచింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర జాకబ్ వజ్రం ఉండేది. 184.75 క్యారెట్లు. ఆయన 1911లో పోయాక, కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి అది తండ్రిగారి చెప్పు ముక్కులో దొరికిందంటారు. ఆయనేమో దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నీ కలిపి 218 కోట్లకి కొంది. వాటిని సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టినప్పుడు అమ్మని తీసుకెళ్ళాను. బారెడు వరసలో నుంచుని, ఆ వజ్రాన్ని చూసి, నేను చెప్పిన కథంతా విని, అమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "చెప్పులో పెట్టాడా? మరి పనివాళ్ళు తుడిచేటప్పుడు చూడరూ?" ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. ఒక మేస్త్రి కట్టిన గోడని ఇంకో మేస్త్రి చూసినట్టుంది.

అమ్మకి ఈ విద్య నాయనమ్మ దగ్గర అబ్బింది. మా ఇంట్లో ఒక ఇనప్పెట్టె ఉండేది. నలుగురు పట్టినా కదిలేది కాదు. నాయనమ్మ దానిమీదే కూర్చుని వత్తులు చేసుకునేది, తాళంచెవి బొడ్లో దోపుకునేది. ఊళ్ళో పెళ్ళిసంబంధాల దగ్గర కూడా ఆ పెట్టె ప్రస్తావన వచ్చేదట. నాయనమ్మ పోయాక, పెద్దకర్మ అయ్యాక, బంధువులంతా చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి చూస్తుండగా నాన్న దాన్ని తెరిచారు. లోపల నాలుగు పంచాంగాలు, తాతగారు ఎవరికో రాసి తపాలాలో వెయ్యని ఉత్తరం ఒకటి, బోలెడు ఎలక పెంటికలు. బంగారమంతా ఏళ్ళ తరబడి పెసరపప్పు డబ్బా అడుగునే ఉందట. "దొంగ ముందు ఆ పెట్టే చూస్తాడు. అందులో ఎవరైనా పెడతారుటే?" అనేదట కోడలితో. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అమ్మ మాత్రం ఒక్క డబ్బాతో సరిపెట్టుకోలేదు. 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిదింటికి అయిదొందల నోట్లు, వెయ్యి నోట్లు చెల్లవని టీవీలో ప్రకటించారు. నాన్న "అయితే మనకేం, మన దగ్గరేముంది" అని అన్నంలో మజ్జిగ పోసుకున్నారు. అమ్మ ఏమీ మాట్లాడకుండా లేచింది. పోపుల డబ్బా కింది అరలోంచి పసుపు వాసనతో కొన్ని, పట్టుచీరల మడతల్లోంచి కలరా ఉండల వాసనతో కొన్ని, వేంకటేశ్వరస్వామి పటం వెనకనుంచి కర్పూరం వాసనతో కొన్ని, ఇంగువ డబ్బాలోంచి వచ్చినవి కొన్ని. ఆ చివరి కట్ట బ్యాంకులో లెక్కపెట్టినమ్మాయి మధ్యలో రెండుసార్లు ముక్కు తుడుచుకుందట. మొత్తం నలభై ఒక్క వేలు.

నాన్నకి కోపం రాలేదు. నెమ్మదిగా ఒక అనుమానం వచ్చింది. మా చదువులప్పుడు ఫీజులకి కటకటలాడితే పక్కింటి పిన్నిగారి దగ్గర వందకి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చేవారు. "ఆ పిన్నిగారికి అంత డబ్బు ఎక్కడిదే?" అన్నారు. అమ్మ మజ్జిగ గిన్నె తీసి లోపల పెట్టేసింది. ఎనిమిదేళ్ళపాటు నాన్న తన డబ్బుకి తనే వడ్డీ కట్టారు, మధ్యలో పిన్నిగారి కమిషను కాక. నలభై ఒక్క వేలలో ఆ వడ్డీ వాటా ఎంతో అమ్మ ఇప్పటికీ చెప్పదు. తరవాత రెండు వేల నోటు వస్తే అమ్మ సంతోషించింది, డబ్బాలో చోటు కలిసొస్తుందని. 2023 మేలో దాన్నీ వెనక్కి తీసుకుంటున్నామన్నప్పుడు మళ్ళీ ఇంగువ వాసనతో బ్యాంకుకి బయల్దేరింది.

ఇక మగవాళ్ళం దాచే తీరు. బీరువాలో పెడతాం, లోపలి లాకరుకి తాళం వేస్తాం, ఆ తాళంచెవి బీరువా చొక్కాల అరలో పెట్టి బీరువాకి తాళం వేస్తాం, ఆ తాళంచెవి బీరువా నెత్తిన పెడతాం. అర్దేషిర్ గోద్రెజ్ అనే పార్శీ పెద్దమనిషి వకీలు వృత్తి వదిలేసి 1897లో తాళాల తయారీ మొదలుపెట్టాడు. ఆ తరవాత ఇనప్పెట్టెలకి దిగాడు. అంతటి మనిషి కూడా తాళంచెవి నెత్తిన పెట్టే జాతికి ఏం చెయ్యగలడు?

బ్యాంకు లాకరు ముచ్చట కూడా తీరింది. 2022 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు వచ్చాయి. దొంగతనమో, అగ్నిప్రమాదమో, భవనం కూలడమో, ఉద్యోగి మోసమో జరిగితే బ్యాంకు ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా ఇస్తుంది. మా అద్దె రెండు వేలు, వంద రెట్లంటే రెండు లక్షలు. ఈ ధరల్లో దాంతో కాసులపేరులో ఎన్ని కాసులొస్తాయో అమ్మ వేళ్ళమీద లెక్కేసింది. మిగతావి ఏమవుతాయని అడిగింది. భూకంపం, వరద, పిడుగుల్లాంటి దేవుడి పనులకి బ్యాంకుది పూచీ కాదని చెప్పాను. "దేవుడి పూచీ అయితే దేవుడి పటం వెనకే పెట్టుకుంటాం కదరా, అద్దెందుకు?" అంది. పైగా లాకరుకి రెండు తాళంచెవులు కలిస్తే గానీ తెరుచుకోదు, ఒకటి వాళ్ళ దగ్గరుంటుంది. సగం తాళంచెవి పరాయివాళ్ళ దగ్గర పెట్టి కంటినిండా నిద్రపోవడం అమ్మకి చేతకాలేదు. అదీకాక మాఘమాసంలో పెళ్ళి, పెళ్ళి ముందు రెండో శనివారం, ఆ పక్కన ఆదివారం. మా ఆవిడ ఆ పెళ్ళికి వన్‌గ్రామ్ గోల్డు వేసుకుని వెళ్ళింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ వేసుకున్నదీ అదేనట, అందరి అసలు బంగారమూ అదే బ్యాంకులో ఉండిపోయింది.

ఇంట్లో ఎంత బంగారం ఉండొచ్చన్న భయం ఒకటి మిగిలింది. ఆదాయప్పన్నువాళ్ళు సోదాకి వచ్చినా పెళ్ళైన ఆడవాళ్ళకి 500 గ్రాములు, పెళ్ళికానివాళ్ళకి 250, మగవాళ్ళకి తలా 100 గ్రాముల దాకా జప్తు చెయ్యరని 2016 డిసెంబరులో ప్రకటించారు. మా ఆవిడ అది రెండుసార్లు చదివి, నావైపు కూరగాయల తూకం చూసినట్టు చూసింది.

అందుకని సంక్రాంతి అయ్యాక అమ్మని కాసులపేరుతో సహా హైదరాబాదు తీసుకొచ్చి, ఒక డిజిటల్ లాకరు కొన్నాను. తొమ్మిది వేలు. పది కిలోలు ఉంటుంది. నాలుగు పెన్సిల్ సెల్లులు, ఆరంకెల నంబరు, సెల్లులు అయిపోతే తెరవడానికి విడిగా ఒక తాళంచెవి. వెనక బోల్టుల కోసం కన్నాలున్నాయి, గోడకి బిగించమని పుస్తకంలో రాశారు. మా అద్దింటి గోడకి మేకు కొట్టాలన్నా ఓనరుగారికి అర్జీ పెట్టుకోవాలి. బిగించకుండానే బీరువాలో పెట్టేశాను. ఎదురు ఫ్లాటాయన చూసి, "బాగుందండీ, దొంగకి శ్రమ లేకుండా అన్నీ ఒకచోట సర్ది, చేత్తో పట్టుకెళ్ళేలా పెట్టారు," అన్నారు. నంబరుగా అందరికీ గుర్తుండేది పెట్టాలన్నారు ఇంట్లోవాళ్ళు. ఊరింటి పాత ఫోను నంబరు పెట్టాం. మా వీధి మొత్తానికి అదే పీపీ నంబరని తరవాత గుర్తొచ్చింది. మా ఊళ్ళో నలభై దాటిన ప్రతి మనిషికీ అది నోటికొచ్చు.

తాళంచెవి ఎక్కడ పెట్టాలి? లాకర్లో పెట్టొద్దని పుస్తకంలో లావు అక్షరాలతో ఉంది. గంటసేపు చర్చించి కందిపప్పు డబ్బాలో వేశాం.

మార్చిలో మా మేనకోడలి నిశ్చితార్థం. కాసులపేరు తీద్దామని వెళితే లాకరు కీచుమని ఒక్క కూత కూసి ఊరుకుంది. సెల్లులు అయిపోయాయి. కందిపప్పు డబ్బా బోర్లించాం. తాళంచెవి లేదు. అమ్మ మా ఆవిడని చూసింది, మా ఆవిడ నన్ను చూసింది, నేను మావాణ్ణి చూశాను. వాడు ఫోనులోంచి తలెత్తకుండా "నేను పప్పు తినను," అన్నాడు. పప్పంతా పళ్ళెంలో పోసి వెతుకుతుండగా ఎనిమిదింటికి పనమ్మాయి వచ్చింది.

"తాళంచెవా? పప్పుకు పురుగు పడితె మొన్న ఎండల పోసిన గద. అది తీసి పోపుల డబ్బల ఏసిన," అని చీపురందుకుంది.

తెరిచాం. లోపల ఇంటిపన్ను రసీదులు, ఎప్పుడో చెత్తలో పడేసిన ఫ్రిజ్జు తాలూకు వారంటీ కార్డు, నా టెన్త్ సర్టిఫికెట్. కాసులపేరు లేదు. నా కాళ్ళలో సత్తువ పోయింది. అమ్మ మాత్రం తాపీగా ఉంది.

"దొంగ ముందు ఆ పెట్టే చూస్తాడు. అందులో ఎవరైనా పెడతారుట్రా?" అంది. వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అయిదు నిమిషాల తరవాత కాసులపేరుతో బయటికొచ్చి కోడలి మెడలో వేసింది. ఎక్కడ దాచావంటే చెప్పలేదు. ఫంక్షన్ నుంచి రాగానే పట్టుకెళ్ళి మళ్ళీ తలుపు వేసుకుంది. ఆ రాత్రి బాల్కనీలోకి పిలిచి, "ఒరేయ్, నీకొక్కడికే..." అని మొదలుపెట్టింది.

తెల్లారి ఆఫీసుకి బయల్దేరుతుంటే లిఫ్టు దగ్గర పనమ్మాయి అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చింది.

"సారూ, మీకొక్కలకే చెప్తున్న. పెద్దమ్మ ఆ దండ పిడి విరిగిన పాత కుక్కర్ల పెట్టింది. ఎవ్వలికి చెప్పనని నాతోని ఒట్టేయించుకుంది. మీరు దాన్ని పాత సామాన్లోనికి ఎయ్యకుండ్రి."

సరేనన్నాను. లిఫ్టులో ఉండగా ఊరినుంచి అక్క ఫోను. "ఒరే, అమ్మ నీకు చెప్పొద్దంది గానీ, మీ ఇంట్లో ఒక కుక్కరుంది చూడు..."